పలుగురాళ్లు దంచిన రోలు

మా వాకిట్లో ఒక రోలు ఉంది. మా అత్తగారి అత్తగారి నాటిది, సగం భూమిలోకి పాతి ఉంటుంది. ధరూర్ దాటి కృష్ణా నది వైపు వచ్చే దారిలో ఉన్న మా ఊళ్లో ఒకప్పుడు ప్రతి వాకిట్లో ఇలాంటిది ఉండేది. అందరూ పాత ఇళ్లు తీసేసి స్లాబులు పోసుకున్నాక వాకిళ్లకు సిమెంటు చేయించారు. కొన్ని రోళ్లు ఆ సిమెంటు కింద పోయాయి, కొన్ని కోళ్లకు నీళ్లు పోసే తొట్లయ్యాయి. మాది మిగిలింది. దాంతో మా వీధిలో ఎవరింట్లో పెళ్లయినా పసుపు దంచడానికి మా వాకిటికే వచ్చేవారు. రోలుకు సున్నం పూసి, కుంకుమ పెట్టి, కంకణం కట్టి, ఐదుగురు ముత్తైదువలు రోకళ్లు పట్టి పాటలు పాడుతుంటే నేను ఇంటి యజమానురాలి హోదాలో నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడేదాన్ని. నాకు ఆ రోలంటే అంత గర్వం. ఇప్పుడు ఎవరైనా దాని వైపు చూస్తే చాలు, ఏదో పని ఉన్నట్టు లోపలికి పోతాను.

చెప్పాలంటే గుట్ట దగ్గర మొదలుపెట్టాలి.

కొన్నేళ్ల కింద మా ఊరి సర్కారు గుట్ట మీదికి సర్వే వాళ్లు వచ్చారు. మిషన్ పెట్టి బోరు వేసినట్టే వేశారు, నీళ్ల కోసం మాత్రం కాదు. లోపలి నుంచి పొడుగాటి రాతి కడ్డీలు తీసి, చెక్కపెట్టెల్లో పేర్చుకుని పోయారు. ఆ మిషన్‌కు మా ఆయనే ట్రాక్టర్ మీద నీళ్లు తోలాడు. వాళ్లలో ఒకాయన నల్లరాయిలో తెల్లగా చార పోయిన చోటు చూపించి, బంగారం ఉంటే గింటే ఇలాంటి పలుగురాయిలోనే ఉంటుందని చెప్పాడట. ఉంటే అన్నాడు పాపం ఆయన. ఆ మాటొక్కటి గుట్ట మీదే వదిలేసి మిగతాదంతా మోసుకుని ఇంటికొచ్చాడు మా ఆయన.

సర్వే వాళ్లు మళ్లీ రాలేదు. ఈయన మాత్రం పోతూనే ఉన్నాడు. పత్తి చేనుకు మందు కొట్టాలంటే నడుం నొప్పి అనే మనిషి, గడ్డపార భుజాన వేసుకుని తెల్లారేసరికి గుట్ట ఎక్కేవాడు. ఫోనులో ఎక్కడెక్కడి వాళ్లో మట్టి కడుక్కునే వీడియోలు చూసి పని నేర్చుకున్నాడు. పలుగురాయి మీద పత్తి కట్టె పేర్చి కాల్చేవాడు. ఎర్రగా కాలిన రాయి మీద నీళ్లు చల్లితే చిట్లేది. దాన్ని అక్కడే బండ మీద సమ్మెటతో పిండి చేసి, నా పాత చీర ముక్కలో జల్లించి, వాగు మడుగు దగ్గర సత్తు పళ్లెంలో పోసి తిప్పి తిప్పి కడిగేవాడు. తేలికైనది నీళ్లతో పోయి చివరికి పళ్లెం అంచున నల్ల ఇసుక మిగిలేది. ఆ నల్ల ఇసుక కొసన, ఎండకు పట్టి చూస్తే, పసుపు రంగులో ఒక చుక్క. ఒక్కోసారి అదీ లేదు. ఉన్నదాన్ని చీపురుపుల్ల కొసతో ఎత్తి, పశువుల డాక్టరు పారేసిన సూదిమందు సీసాలో నీళ్లు పోసి అందులో వేసేవాడు.

ఊళ్లో వాళ్లు ఊరుకుంటారా? హోటల్ దగ్గర కూర్చున్నవాళ్లు "ఏంది పటేలా, కొండను తవ్వి ఎలుకను పట్టినవా?" అనేవారు. ఈయన నవ్వి "నవ్విన నాపచేనే పండుతది" అని వచ్చేసేవాడు. ఎదురు మాట భలే అన్నాను అనుకునేవాడు కూడా. ఒకసారి గద్వాలలో ఒక కంసాలి దగ్గరికి ఆ సీసా పట్టుకుపోయాడు. ఆయన అద్దం పెట్టి చూసి, "బంగారమే, కాని తూకానికి రాదు" అన్నాడట. మా ఆయనకు మొదటి మాటే వినపడింది.

నేను అంగన్‌వాడీ టీచర్ని. ఒకరోజు పిల్లలకు గుడ్లు పెడుతుండగా రెవెన్యూ ఆఫీసు నుంచి ఒకాయన సెంటర్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "మేడం, మీ సారు గుట్ట తవ్వుతుండంట గదా. అది సర్కారు జాగ. గొర్లోళ్లు మా దగ్గరికి వచ్చి చెప్పిండ్రు. గా గుంతల్ల జీవాలు పడి కాళ్లు ఇరిగితే ఎవరు జవాబు చెప్తరు? మీరు నౌకరీ చేసేటోళ్లు, జర చెప్పుకోండ్రి." పిల్లలు గుడ్డు నోట్లో పెట్టుకుని నన్నే చూస్తున్నారు. వాళ్లను తీసుకుపోవడానికి వచ్చిన తల్లులు కూడా చూస్తున్నారు. సర్కారు పని చేస్తూ సర్కారు గుట్ట తవ్వించే మనిషినయ్యాను.

ఆ సాయంత్రం నేను అరిచిన అరుపులకు మా గేదె కట్టు తెంపుకోబోయింది.  ఆయన మరుసటి రోజే పోయి గుంతలు పూడ్చి వచ్చాడు, ఇంకోసారి గడ్డపార ముట్టనన్నాడు. నిజంగానే ముట్టలేదు. అయితే అప్పటికే తెచ్చి కొట్టంలో వేసిన రాళ్ల సంచులు కొన్ని ఉన్నాయి. "తెచ్చినయి పారబోసుడెందుకు?" అన్నాడు. అవి అయిపోతే ఈ పిచ్చి కూడా అయిపోతుంది కదా అని నేనూ ఊరుకున్నాను. పొద్దున సెంటర్‌కు పోతే మధ్యాహ్నం దాటాక గాని ఇల్లు చేరను. ఆ లోపల ఆయన రాయి ఎక్కడ దంచుతున్నాడో, దేనిలో దంచుతున్నాడో నాకు తెలియదు. కొట్టం వెనక బండ ఉంది కదా, దాని మీదే అనుకున్నాను.

ఆ మాఘంలో మా ఎదురింటి అమ్మాయి పెళ్లి. వాళ్లమ్మ నాకు వరసకు వదిన. వరస మాట పక్కన పెడితే, ఈ ఊరికి కోడళ్లుగా వచ్చిన నాటి నుంచి ఒకరి పొయ్యిలో నిప్పు ఇంకొకరం తెచ్చుకున్నవాళ్లం. వాళ్లాయన పుణె వైపు కట్టడం పనులకు పోయినప్పుడల్లా ఆ పిల్ల మా ఇంట్లోనే తిని మా ఇంట్లోనే నిద్రపోయేది. నన్ను నోరారా అత్తా అని పిలుస్తుంది. పసుపు మా వాకిట్లోనే దంచారు. నేనే రోలు కడిగాను, నేనే కుంకుమ పెట్టాను. నీళ్లు పోసి చేత్తో తుడిచినప్పుడు అడుగున కాస్త గరుకుగా తగిలింది. పాత రోలు కదా అనుకున్నాను.

నలుగు పెట్టే రోజు ఆ పిల్లను పీట మీద కూర్చోబెట్టారు. మేనత్త వరస నాదే కనుక మొదటి చెయ్యి నాది. పసుపు నూనెలో కలిపి, రెండు అరచేతులా తీసుకుని ఆ పిల్ల చెంపలకు రుద్దాను.

"అత్తా, మండుతుంది" అంది.

"మండకుంటే పెండ్లెట్లయితదే?" అని నేను ఇంకా గట్టిగా రుద్దాను. అందరూ నవ్వారు. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. పెళ్లికూతురు ఏడవడం కొత్తా అని ఇంకో చెంప కూడా రుద్దాను. అప్పుడు వదిన నా చెయ్యి పట్టుకుని ఆపింది. పసుపులోంచి ఎర్రగా గీతలు కనిపిస్తున్నాయి. గోరుతో గీరినట్టు, సన్నగా, ఒక దాని పక్కన ఒకటి.

ఒక పెద్దావిడ గిన్నెలోంచి పసుపు తీసి వేళ్ల మధ్య నలిపి వాకిట్లో ఎండకు పట్టింది. తళుక్కున మెరిసింది. పలుగురాయి రవ్వ. అందరికీ ఒక్కసారే అర్థమైంది, నాకూ అప్పుడే అర్థమైంది.  వెనక నుంచి ఎవరో "పసుపెక్కడిది, పిల్లకు బంగారమే పూసిండ్రు!" అన్నారు. అందరూ పగలబడి నవ్వారు. తిట్టినా బాగుండేది. తిడితే నాకు నోరుంది, తిరిగి అనేదాన్ని.

వదిన నవ్వలేదు. నా చేతిలోంచి గిన్నె తీసుకుని, పసుపంతా దొడ్లో పారబోసి, దుకాణం నుంచి పసుపు ప్యాకెట్ తెప్పించింది. మిగతా నలుగు దాంతోనే పెట్టారు. నేను నూనె చేతులు కొంగుకు తుడుచుకుంటూ గోడకు ఆనుకుని నిలబడ్డాను. వెళ్లిపోతే ఒక మాట, ఉంటే ఒక మాట.

పెళ్లిలో పౌడర్ ఎంత వేసినా ఆ గీతలు దాగలేదు. మగపెళ్లివారిది కొల్లాపూర్ వైపు. వాళ్లలో ఒకామె వచ్చి "పిల్ల ముఖానికి ఏమైంది?" అని అడిగింది. వదిన నా పక్కనే ఉంది. తడుముకోకుండా "మొటిమలు గిల్లుకున్నదమ్మా, వద్దంటే వినది" అంది. ఆ మాటతో తప్పు పిల్ల మీదికి పోయింది, మేం బతికిపోయాం. నా జన్మలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. 

ఇంటికొచ్చి మా ఆయన్ని రోలు దగ్గరికి పిలిచాను.

"దీంట్ల దంచినవా?"

"దంచిన. కడిగిన గదనే. బిందెల కొద్ది నీళ్లు పోసి కడిగిన" అన్నాడు.

రోట్లో చెయ్యి పెట్టి చూడమన్నాను. పెట్టాడు. సమ్మెటతో కొట్టి కొట్టి దంచితే రోలు అడుగంతా పెచ్చులు లేచింది. ఆ సందుల్లో పలుగు రవ్వ కూరుకుపోయింది. రోకటిపోటు పడినప్పుడల్లా రాయి కూడా పిండి అవుతుంది. దాన్ని ఏ నీళ్లు కడుగుతాయి? ఆయన చెయ్యి రోట్లోంచి తీయకుండా అలాగే కూర్చున్నాడు. "పిల్ల ముఖం మానుతదా?" అని అడిగాడు. తెలియదన్నాను. ఎదురింటికి పోయి ఒక మాట చెప్పి రమ్మన్నాను. గుమ్మం దాకా పోయి తిరిగొచ్చాడు. ఆ తర్వాత నేనూ అనలేదు, నేను మాత్రం పోయి చెప్పానా?

ఆ తర్వాత మా వాకిటికి ఎవరూ పసుపు తేలేదు. వీధిలో ఇంకా పెళ్లిళ్లు జరిగాయి. వదినే ఒకసారి దారిలో ఆగి, నేను అడగకుండానే, "అందరు పిండి గిర్నిల పట్టించుకుంటుండ్రు వదినె, ఈ కాలంల ఎవరు దంచుతరు?" అంది. నా మనసు నొప్పించకూడదని అంది. మూడిళ్ల అవతల ఎవరో అరువు తెచ్చుకున్న రోట్లో దంచుతున్న చప్పుడు ఆ పొద్దున్నే విన్నాను.

ఈ ఏడు మా అబ్బాయికి గోపాల్‌పేట దగ్గర సంబంధం కుదిరింది. వాడు గద్వాలలో ఆటో నడుపుతాడు. పిల్ల బాగుంది, వాళ్లు బాగున్నారు. నా భయమల్లా పసుపు గురించే. మా ఇంటి పెళ్లికి మా ఇంటి రోట్లోనే దంచాలి, దంచడానికి వీధి ఆడవాళ్లు రావాలి. ఐదుగురు రాకపోతే పెళ్లికి ముందే ఇంటి పరువు పోయినట్టే. మా ఆయనకు నేను ఏమీ చెప్పలేదు. ఆయనే వాగు ఇసుక తెచ్చి, గుండ్రాయితో రోలు అడుగు రోజూ నూరాడు. పెచ్చులన్నీ అరిగి నునుపు తేలాక, కొత్త రోలుకు చేసినట్టు ఊక వేసి దంచి పారబోశాడు, నూకలు వేసి దంచి పారబోశాడు. గుట్ట మీద కూడా ఇంత పట్టుగా పని చేయలేదు. ప్రతిసారీ పిండిని వేళ్ల మధ్య నలిపి ఎండకు పట్టి చూసేవాడు. ఏమీ మెరవకపోతే ఊపిరి పీల్చుకునేవాడు.

కుంకుమ భరిణె పట్టుకుని ఇంటింటికీ పోయాను. బొట్టు పెడుతుంటే అందరూ "వస్తంలే" అన్నారు, నా ముఖం చూడకుండా. వదినకు బొట్టు వంకరగా పెట్టాను. ఆమె కొంగు కొసతో దాన్ని సరిచేసుకుంది.

పసుపు దంచే పొద్దున రోలుకు కంకణం కట్టి కూర్చున్నాను. వచ్చారు. ఐదుగురు కాదు, పది మంది దాకా వచ్చారు. కాని అందరూ పందిరి గుంజల దగ్గర నిలబడ్డారు. పసుపు కొమ్ములు చాటలో ఉన్నాయి, రోకళ్లు గోడకు ఉన్నాయి. నువ్వు పట్టు అంటే నువ్వు పట్టు అనుకుంటున్నారు. మా ఆయన గేటు దగ్గర తల వంచుకుని టెంటు తాళ్లు కడుతున్నాడు, కట్టిన ముడినే విప్పి కడుతున్నాడు.

వదిన కూతురు పెళ్లి కోసం అత్తగారింటి నుంచి వచ్చింది. వాళ్లమ్మ వెనక నిలబడ్డది ముందుకొచ్చి, చాటలోంచి గుప్పెడు కొమ్ములు తీసి రోట్లో వేసింది. రోకలి తీసుకుని ఒక్కతే దంచింది. మెత్తగా అయ్యాక కూర్చుని, చిటికెడు పొడి తీసి, చెంబులో వేలు తడిపి కలిపి, తన చెంపకు రుద్దుకుంది. ఎండలో పక్కకు తిరిగితే ఆ చెంప మీద సన్నటి గీత ఒకటి ఇంకా కనిపిస్తుంది. సరిగ్గా దాని మీదే రుద్దుకుంది. నేను రుద్దినంత గట్టిగా రుద్దుకుంది. వాకిలంతా ఆ చెంపనే చూస్తోంది.

"ఏం గుచ్చుతలేదు, రాండ్రి" అంది వాళ్లతో. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు గట్ల కూసుంటే ఎట్లత్తా? రోకలి పట్టు" అంది.

అందరూ వచ్చి రోలు చుట్టూ చేరారు. వదిన పాట ఎత్తుకుంది. నేను లేచి రోకలి పట్టుకున్నాను, వాళ్లతో పాటు దంచాను. పాట మాత్రం నా నోటికి రాలేదు.