రత్తయ్య పరజల వేట

గవర్నర్‌పేటలో సైకిలు సామాన్ల కొట్టు రత్తయ్యకు వేటగాడని పేరు. చలికాలం వచ్చిందంటే ఆదివారం తెల్లవారకముందే తుపాకీ భుజాన వేసుకుని కొల్లేరు వెళ్ళేవాడు. సాయంత్రానికి పరజ బాతుల జతతో దిగేవాడు. పామర్రు వైపు రైతుబిడ్డ, గురి తప్పదని బజారంతా చెప్పుకునేది.

నిజానికి ఆయన జన్మలో ఒక్క పిట్టను కొట్టిన పాపాన పోలేదు. దోనెలో రెల్లు చాటున నక్కి కూర్చోవడం, మంచులో రెక్కల చప్పుడు వినడం, వాలబోయే గుంపును తుపాకీ మొనతో వెంబడించడం. అంతటితో ఆయన వేట అయిపోయేది. పేలిస్తే అన్నీ లేచిపోతాయి, ఇక చూడటానికేముంది? ఇంటికి తెచ్చేవి దోనె నడిపే లాజరు వలలో పడ్డవి. లాజరు ఒకరి గుట్టు ఇంకొకరికి చెప్పే మనిషి కాదు.

డెబ్బై ఒకటిలో రేడియో షాపు తిరుపతిరావు మూవీ కెమెరా కొనేదాకా వ్యవహారం సాఫీగానే సాగింది. స్నేహితుడి వేటను ఫిల్ము తీసి, క్లబ్బులో ఆడవాళ్ళను కూడా పిలిచి వేస్తానన్నాడు. రత్తయ్య గుండెల్లో రాయి పడింది.

"ఎందుకురా అంత శ్రమ? రెండు బాతులు పట్టుకుని నిలబడతా, తీసేసుకో."

"కుదరదు. జరిగింది జరిగినట్టు ఉండాలి. దొంగ వేటకి నా ఫిల్ము దండగ."

ఇన్నేళ్ళ పరువు ఒక్క పిట్టతో ముడిపడింది. ఈసారి కొట్టి తీరాలని రత్తయ్య మనసు రాయి చేసుకున్నాడు.

ఆ ఆదివారం గుంపు మరీ దగ్గరికి వచ్చింది. పక్క దోనెలో తిరుపతిరావు కెమెరా గిర్రున తిరుగుతోంది. "కొట్టండి బాబుగారూ!" అన్నాడు లాజరు గొంతు తగ్గించి. రత్తయ్య వేలు ట్రిగ్గరు మీదే ఉంది. ముందున్న బాతు కాళ్ళు చాపి నీటిని చీల్చుకుంటూ వాలింది. దాని వెనకే మిగతావన్నీ వాలాయి. కెమెరా సంగతే మర్చిపోయాడాయన. తుపాకీ ఎప్పుడు ఒళ్ళోకి దిగిందో కూడా తెలియలేదు.

క్లబ్బులో తెల్లదుప్పటి మీద అందరూ చూసింది అదే. నోరు తెరుచుకుని పసిపిల్లాడిలా నవ్వుతున్న రత్తయ్య, ఆయన ముందు నిక్షేపంగా ఈదుతున్న బాతులు. తిరుపతిరావు ఒక్క ముక్కా కత్తిరించలేదు.

"రత్తయ్యగారూ, మరి మా ఇంటికి పంపిన బాతులు ఆత్మహత్య చేసుకున్నాయాండీ?" అన్నారెవరో. హాలంతా గొల్లుమంది. ఆడవాళ్ళ కుర్చీల వైపు చూడటానికి రత్తయ్యకు తల లేవలేదు. అక్కడ ఆయన భార్య పద్మావతమ్మ ఉంది.

రిక్షాలో ఇంటికి వస్తుంటే ఆవిడే కదిపింది.

"నాకు పెళ్ళయిన ఏడాదే తెలిసిపోయింది. మా నాన్న కొట్టిన పిట్ట తింటే పంటికింద సీసం గుండు తగిలేది. మీవాటిలో ఏనాడన్నా తగిలితేగా!"

రత్తయ్యకు ఏడుపొక్కటే తక్కువ. "మరి అడగలేదేం?"

"అడిగితే సిగ్గుపడి వెళ్ళడం మానేస్తారు. కొల్లేరు నుంచి వచ్చిన రోజు మీ మొహం ఎలా ఉంటుందో మీకేం తెలుసు?"

మరుసటి ఆదివారం రత్తయ్య కొల్లేరు నుంచి చేతులూపుకుంటూ ఇల్లు చేరాడు. పద్మావతమ్మ అప్పటికే గుత్తివంకాయ కూర వండి పెట్టింది.