ఖాళీగా ఇవ్వకూడదట

మా ఇంట్లో ఏ గిన్నే ఖాళీగా గడప దాటదు. పక్కింటివాళ్ళు పాయసం పంపిన గిన్నె తిరిగి వెళ్ళేటప్పుడు అందులో పిడికెడు చక్కెరో, నాలుగు పచ్చిమిరపకాయలో, ఏమీ లేకపోతే ఒక బెల్లం ముక్కో ఉండాలి. వట్టి గిన్నె ఇవ్వడమంటే ఇక మీకూ మాకూ చెల్లు అని చెప్పడమేనంటుంది మా అమ్మ. గుడియాత్తంలో మా వీధి వాళ్ళంతా, తమిళం మాట్లాడేవాళ్ళయినా తెలుగు మాట్లాడేవాళ్ళయినా, ఇదే పాటిస్తారు. నాకూ ఈ ఆచారమంటే ఇష్టమే. కానీ దాన్ని తీసుకెళ్ళి కంప్యూటర్‌కు అంటగడతారని ఎవరు కలగన్నారు? తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

మా నాన్న మేస్త్రీ. మా అన్న కూడా తాపీ పట్టుకునే మొదలుపెట్టి, ఇప్పుడు వేలూరులో చిన్న ఆఫీసు పెట్టుకొని ఇళ్ళు కట్టిస్తున్నాడు. ఆ ఇళ్ళకు ప్లాన్లు గీసేది నేను. ఇల్లు కట్టించుకున్నవాళ్ళు మాత్రం "మీ అన్న కంప్యూటర్‌లో భలే వేసినాడే" అంటారు. అన్న కాదనడు. ఆయుధపూజకు ఆ కంప్యూటర్‌కూ గంధం బొట్లు పెట్టి, తాపీల, రసమట్టాల వరుసలో కూర్చోబెట్టి హారతి ఇచ్చేవాడు. దాని ముందు కూర్చొని నడుం విరగ్గొట్టుకునేది నేనైతే, బొట్టూ పూలూ దానికి.

అది ముసలిదైపోయింది. కొత్తది కొన్నాం. పాతదాన్ని నాన్న చనిపోయిన తిథి రోజున లత్తేరిలో ఒక చిన్న బడికి ఇద్దామన్నాడు అన్న. "నాయన పేరు చెప్పి ఇద్దాం పాపా. పిలకాయలు నేర్చుకుంటారు" అన్నాడు. మంచి మాటే. సరేనన్నాను. అయితే ఇచ్చే ముందు నేను దాన్ని శుభ్రం చెయ్యాలి, అంతవరకూ ఎవరూ ముట్టుకోకూడదు అని గట్టిగా చెప్పి, ఇంటికి తెప్పించుకున్నాను.

అంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఆ కంప్యూటర్‌లో మా వీధి చివర ఉండే అత్త ఇల్లు ఉంది. రక్తసంబంధం కాదు, పిలుపు వరస. ఆమె మెట్టినిల్లు లత్తేరి. మొగుడు పోయి కర్మలైనా ముగియక ముందే మరిది వచ్చి, నీ మెడలోవీ చేతులవీ మా ఇంటి సొత్తు, తీసి ఇవ్వు అన్నాడట. అవన్నీ పుట్టింటివాళ్ళు పెట్టినవి. ఆమె కట్టుబట్టలతో, ఆ నగల మూటతో గుడియాత్తం వచ్చేసి, మా చేత రెండు గదుల ఇల్లు కట్టించుకుంది. వంటింటి గోడలో, అలమర పక్కన, చెయ్యి పట్టేంత గూడు ఒకటి చేయించుకుంది. పైన టైలు అతికిస్తే అక్కడ గూడు ఉందని దేవుడికి కూడా తెలియదు. కూలీలు ఎవరూ లేకుండా అన్న ఒక్కడే దాన్ని కట్టాడు. పక్కనే నీళ్ళ పైపు వెళుతోంది కాబట్టి రేపు మరమ్మతు వస్తే కావాలని, నేను కొలతలు గీసి, టైలు అతికించక ముందు ఫొటోలు తీసిపెట్టాను.

"ఆ ఫొటోలు నీ కాడనే ఉండనీ అమ్మీ" అంది అత్త అప్పుడు. "మీ అన్న మంచోడే. కాకుంటే వాడి నోట్లో నువ్వుగింజ నానదు."

మరిది అంతటితో ఊరుకోలేదు. ఒకసారి ఆమె గుమ్మం ముందుకొచ్చి వీధి వీధంతా వినేటట్టు అరిచి వెళ్ళాడు. ఆ రోజు చూశాను వాడి మొహం.

సరే, ఆదివారం కూర్చొని డబ్బా విప్పాను. లోపలంతా సిమెంటు దుమ్ము, ఫ్యాను రెక్కల మీద అట్టలు కట్టింది. పెయింటు బ్రష్షుతో దులిపాను. ఇన్నేళ్ళ ప్లాన్లూ ఫొటోలూ చిన్న డిస్కులోకి కాపీ చేసి, బీరువాలో పెట్టి తాళం వేశాను. తర్వాత కంప్యూటర్‌లో ఉన్నదంతా చెరిపేసి, మొదటి నుంచీ అన్నీ కొత్తగా ఎక్కించాను. పైన గంధం మరకలు కూడా నిమ్మచెక్కతో రుద్దాను. భోజనాల దగ్గర, "ఇప్పుడది ఖాళీ. ఇంక ఇచ్చేయొచ్చు" అన్నాను.

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఖాళీదా? మీ నాయన పేరు చెప్పి వట్టిది ఇస్తామా?"

"అది గిన్నె కాదమ్మా. ఖాళీ చేసే ఇవ్వాలి" అని నవ్వాను. లోపల మనుషుల ఇళ్ళున్నాయని, ఆధార్ కార్డులున్నాయని, అవి పరాయివాళ్ళ చేతిలో పడకూడదని విడమరిచి చెప్పాను. అన్న తల ఊపుతూ అన్నం కలుపుకున్నాడు. ఆ తల ఊపుడు నమ్మాను చూడండి.

తిథి రోజు పూజ అయ్యాక వ్యాన్‌లో లత్తేరి వెళ్ళాం. బడి వరండాలో బల్ల మీద కంప్యూటర్ పెట్టి, పక్కన తాంబూలం, అరటిపళ్ళు పెట్టారు. అమ్మ హెడ్మాస్టరు చేతిలో ఉద్ధరిణితో నీళ్ళు వదిలి ధారపోసింది. పిల్లల తల్లిదండ్రులు నిలబడ్డారు. ముందు కుర్చీల్లో ఊరి పెద్దలు కూర్చున్నారు. వాళ్ళలో అత్త మరిది ఉన్నాడు. ఉంటే ఉండనీ, కంప్యూటర్‌లో ఏముంది గనక అనుకున్నాను.

అన్న తానే కూర్చొని స్విచ్చి వేశాడు. ఏమీ ఉండకూడదు కదా తెర మీద. నేను పేర్లు పెట్టిన ఫోల్డర్లన్నీ వరసగా, ఎక్కడివక్కడ, నన్నే చూస్తున్నాయి.

"పిలకాయలకి ఇల్లు ఎట్లా కడతారో తెలియాల కదా" అంటున్నాడు అన్న అందరితో. "అంతా దీంట్లోనే ఉండాది. సుమ్మా ఖాళీ డబ్బా ఇచ్చిపోయేదానికి మేమేమన్నా పిసినారోళ్ళమా?" జనం చప్పట్లు కొట్టారు. వాడికి ఇంకా ఊపు వచ్చింది. "ఇదో చూడండి, మీ ఊరి కోడలి ఇల్లే ఇది. ఈ చేత్తోనే కట్టినాను."

నేను వెనక ఆడవాళ్ళ మధ్యలో ఉన్నాను. తోసుకుంటూ ముందుకు వచ్చేలోపు ప్లాను అయిపోయింది, వాకిలి అయిపోయింది, వంటిల్లు వచ్చింది. టైలు లేని గోడ, అందులో గూడు. తెర నిండా.

మరిది కుర్చీలోంచి ముందుకు వంగాడు. "అలమర పక్కన ఆ గూడు ఏందప్పా?"

"అదా, అది సామాన్లు దాచి పెట్టుకొనేదానికి..." అని మొదలుపెట్టి, అడిగిందెవరో అప్పుడు చూశాడు మా అన్న. నేను గోడకున్న వైరు పీకేశాను. తెర నల్లబడింది. అందరూ కరెంటు పోయిందనుకున్నారు. మరిది మాత్రం తీరిగ్గా వెనక్కి ఆనుకొని కూర్చున్నాడు.

వ్యాను పక్కకు లాక్కొచ్చి అన్నను కడిగేశాను. డిస్కు ఎక్కడిది, బీరువా ఎవరు తీశారు?

"అమ్మే తాళం ఇచ్చింది. ఖాళీది ఇయ్యకూడదనింది" అన్నాడు. కాపీ కొట్టడం వాడికి నేర్పింది నేనే, నా ఖర్మ.

"నేను ఏమో నాలుగు బొమ్మలు పెట్టమంటిని నాయనా" అంది అమ్మ. "లోపల ఏముండాదో నాకేం తెలుసు?"

"నాకొక మాట చెప్పాలని ఇద్దరికీ తోచలేదా?"

"చెప్తే నువ్వు ఒప్పుకోవు కదా పాపా" అన్నాడు అన్న.

అరికాలి మంట నెత్తికెక్కింది. తెలియక చేసి ఉంటే తిట్టి ఊరుకునేదాన్ని. నేను ఒప్పుకోనని తెలుసు, కాబట్టి చెప్పలేదు. నా పని, నా మాట, నేను వేసిన తాళం, ఏదీ వాడికి అడ్డు కాలేదు. నాకు ఏడుపు కూడా వచ్చింది, కోపంతో. లోపలికి వెళ్ళి అంతా చెరిపేస్తానన్నాను.

అమ్మ చెయ్యి పట్టుకుంది. "ధారపోసినాము. ఇచ్చింది వెనక్కి తీసుకుంటే మీ నాయనకే తగిలేది ఆ పాపం."

"కంప్యూటర్ నేను తీసుకోనమ్మా. అది మనది, ఇచ్చినాము. ఆ ఇల్లు మనదా దానం చేసేదానికి?" అన్నాను. చెయ్యి వదిలేసింది.

హెడ్మాస్టరుతో పొరపాటు జరిగిందని తమిళంలో చెప్పాను. ఆయన ఎందుకని అడక్కుండా ఆఫీసు గదిలో కూర్చోబెట్టాడు. మొత్తం చెరిపి, మళ్ళీ అన్నీ ఎక్కించి, పిల్లలకు పనికొచ్చే బొమ్మల పాఠాలు నాలుగు పెట్టి లేచాను. అమ్మ కోరిక అదే కదా, ఖాళీగా ఉండకూడదని. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను, ఇంకేం చెయ్యను.

మర్నాడు పొద్దున అమ్మ స్టీలు డబ్బాలో మురుకులు నింపి నా ముందు పెట్టింది. మూత సరిగ్గా పట్టనంతగా నింపింది. ఆ డబ్బా మా ఇంటికీ అత్త ఇంటికీ మధ్య తిరిగేదే. ఇక్కడి నుంచి మురుకులో పులిహోరో వెళితే, అక్కడి నుంచి మునక్కాయలో చింతపండో వస్తాయి. తీసుకెళ్ళాను.

జరిగింది జరిగినట్టు చెప్పాను. అత్త మధ్యలో ఒక్కటే అడిగింది. "వాడు చూసినాడా?"

"చూశాడత్తా."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. వంటింట్లోకి పోయి ఆ గోడ వైపు చూస్తూ నిలబడింది. బడిలో అంతా చెరిపేశానని మళ్ళీ చెప్పాను.

"నువ్వు చెరిపేస్తివి, సరే అమ్మీ. వాడి కంట్లో పడినది యాడ చెరిపేది? ఇంక వాకిలి కాడ గాలికి తలుపు కొట్టుకున్నా వాడేనని లేచి కూర్చోవాల్సిందే నేను."

అన్న వచ్చి ఆ గూడు పూడ్చేస్తాడు, నగలు బ్యాంకు లాకర్‌లో పెడదాం, నేనే దగ్గరుండి చేయిస్తానన్నాను.

"బ్యాంకుకి నేనే పోతాలే" అంది. "గోడకి వేరే మేస్త్రీ వస్తాడు. మీ అన్నని రావద్దను."

మురుకులు ఒక పళ్ళెంలోకి వంచుకుంది. డబ్బా కడిగింది, కొంగుతో తడి లేకుండా తుడిచింది, మూత పెట్టి నా చేతికిచ్చింది. చేతికి తేలిగ్గా తగిలింది. మరిచిపోయిందేమోనని ఒక్క క్షణం నిలబడ్డాను. అలమరలో చక్కెర డబ్బా ఆమె చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఆమె వెళ్ళి వీధి తలుపు తీసి పట్టుకుంది.

ఇంటికొచ్చేసరికి అన్న ఇడ్లీ తింటున్నాడు. "ఏమనింది పాపా? కోపంగా ఉండాదా?" అన్నాడు. డబ్బా వాడి పళ్ళెం పక్కన పెట్టి మూత తీశాను. వాడు లోపలికి చూసి, అమ్మ వైపు చూశాడు.

అమ్మ వచ్చి వంగి చూసింది. లోపల చెయ్యి పెట్టి అడుగంతా తడిమింది.

"ఖాళీగానే ఇచ్చిందా?" అంది.

"ఖాళీగానే ఇచ్చింది" అన్నాను.