సూర్యుడి లోపలి లెక్కకు ఆడిట్

2022 జూన్. అనంతపురంలో వాన జాడ లేదు, గాలికి మాత్రం కొదవ లేదు. చార్టర్డ్ అకౌంటెంటుగా నేను ప్రాక్టీసు మొదలుపెట్టి అప్పటికి ఇరవై రెండేళ్లు. ఆ నెలంతా ఆఫీసులో కూర్చున్న రోజులు తక్కువ. జిల్లాలో సోలార్ ప్లాంటు నడిపే ఒక కంపెనీ, తన సీఎస్ఆర్ పనులను తనిఖీ చేసి రిపోర్టు ఇవ్వమని నన్ను నియమించింది.

సీఎస్ఆర్ అంటే కార్పొరేట్ సామాజిక బాధ్యత. ఒక స్థాయి దాటిన కంపెనీలు, గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం రెండు శాతం సమాజానికి పనికొచ్చే వాటికి ఖర్చు పెట్టాలని చట్టం. ఖర్చు పెట్టామని చెబితే చాలదు. ఏ పనికి అనుమతి ఇచ్చారో ఆ పనికే ఆ డబ్బు పోయిందని తేలాలి. అందుకని మాలాంటివాళ్లం ఊళ్లు తిరిగి, బిల్లులో ఉన్న వస్తువు నిజంగా నేల మీద ఉందా లేదా అని చూసి వస్తాం. మా భాషలో దీని పేరు ఫిజికల్ వెరిఫికేషన్. నేను చూసేవి సాధారణంగా బడి మరుగుదొడ్లు, చెక్‌డ్యాములు, కంటి శిబిరాల రిజిస్టర్లు.

ఆ జాబితాలో చివరి వరుస చదివి ఆగిపోయాను. "నక్షత్రాలలో చిక్కే డార్క్ మ్యాటర్ పై పరిశోధన. యూనివర్సిటీ ద్వారా ఫెలోషిప్, ఒక కంప్యూటర్" అని ఉంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో జరిగే పరిశోధనకు సీఎస్ఆర్ నిధులు ఇవ్వొచ్చు, అందులో తప్పేమీ లేదు. కానీ కరువు నేల మీద చెక్‌డ్యాముల పక్కన ఆ వరుస కొత్తగా కనిపించింది. అదేమిటో తెలుసుకోవాలని మనసు లాగింది. అందుకే ముందు అక్కడికే పోయాను.

యూనివర్సిటీ ఫిజిక్స్ విభాగంలో కంప్యూటర్ లేదు. స్టాక్ రిజిస్టర్‌లో నమోదు ఉంది, బల్ల ఉంది, బల్ల మీద దుమ్ములో చదరంగా ఒక గుర్తు ఉంది. పరిశోధన చేసే అమ్మాయి నాగరత్న వారం రోజులుగా ధర్మవరంలో ఇంటి దగ్గరే ఉందని అటెండరు చెప్పాడు. కంపెనీలో సీఎస్ఆర్ వ్యవహారాలు చూసే సందీప్‌కు ఫోన్ చేశాను. హైదరాబాదు నుంచి వచ్చిన కుర్రాడు, మాట మెత్తన, ఎప్పుడూ హడావిడి. కంప్యూటర్ దొరకకపోతే ఫెలోషిప్ చివరి విడత ఆపక తప్పదని అతను అన్నాడు. మర్నాడే ధర్మవరం బయలుదేరాను.

ధర్మవరం నాకు కొత్త కాదు. మా నాయన అక్కడ పట్టుచీరల వ్యాపారి. చిన్నప్పుడు నేత ఇళ్లకు ఆయన వెంట పోయేదాన్ని. అయితే వాకిట్లోనే నిలబడి చీర చూసుకుని వెనక్కి వచ్చేవాళ్లం. నాగరత్న ఇంట్లో ఆ రోజు మొదటిసారి మగ్గం దాటి లోపలికి పోయాను. కంప్యూటర్ అక్కడే ఉంది. పట్టు నూగు పడకుండా చుట్టూ పల్చటి గుడ్డ తెర కట్టి, వెనక టేబుల్ ఫ్యాన్ పెట్టారు. సీరియల్ నంబరు సరిచూశాను. సరిపోయింది.

నాగరత్నకు ఇరవై ఎనిమిదేళ్లు ఉంటాయి. సన్నగా, నిదానంగా మాట్లాడే మనిషి. కంప్యూటర్ ఇంటికి ఎందుకు తెచ్చావని అడిగాను. తన లెక్క ఒకసారి మొదలైతే మూడు నాలుగు రోజులు ఆగకుండా నడవాలని, విభాగంలో సాయంత్రం ఐదుకు మెయిన్ స్విచ్ ఆపేస్తారని, హెడ్ గారు నోటిమాటగా ఒప్పుకున్నాకే తెచ్చానని చెప్పింది. నోటిమాట ఆడిట్‌కు చాలదు, లిఖితపూర్వకంగా అనుమతి తెచ్చుకొమ్మన్నాను. సోమవారానికి ఆ కాగితం వచ్చింది. నా పని నిజానికి అక్కడితో అయిపోవాలి. కానీ ఆ రోజు నేను అక్కడే కుర్చీ లాక్కుని కూర్చుని, అసలు నువ్వు చేసే లెక్క ఏమిటని అడిగాను.

ఆమె కాగితం తీసుకోలేదు, కంప్యూటర్ చూపించలేదు. వాకిట్లో పడే ఎండను చూపిస్తూ చెప్పింది. నక్షత్రాల గుంపులు తిరిగే వేగం చూస్తే, కంటికి కనిపించే బరువు ఒక్కటే వాటిని అలా పట్టి ఉంచలేదట. కనిపించనిది ఇంకేదో చాలా ఉండాలి. దానికే డార్క్ మ్యాటర్ అని పేరు. అది వెలుగు ఇవ్వదు, వెలుగును ఆపదు. దాని కణాన్ని ఇంతవరకు ఎవరూ పట్టుకోలేదు. అటువంటి కణాలే ఉంటే, అవి సూర్యుడి గుండా కూడా దూసుకుపోతూ ఉంటాయి. దాదాపు అన్నీ అటునుంచి బయటపడతాయి. ఎప్పుడో ఒకటి లోపల ఒక పరమాణు కేంద్రానికి తగిలి వేగం పోగొట్టుకుంటుంది. వేగం తగ్గాక సూర్యుడి ఆకర్షణ దాన్ని వదలదు. అది లోపలే తిరిగి తిరిగి నడిమధ్యకు చేరుతుంది. కోట్ల ఏళ్లలో అలా చేరినవి అక్కడి వేడిని కొంచెం కొంచెంగా బయటికి మోస్తాయి. అప్పుడు సూర్యుడి నడిమధ్య మనం అనుకున్నదానికంటే కాస్త చల్లగా ఉండాలి. ఎంత చల్లగా అన్నదే ఆమె లెక్క.

మగ్గం మీద నేస్తున్న ఆమె తండ్రి ఓబులేసు, చేతులు ఆపకుండానే అంతా వింటున్నాడు. ఇది ఆయనకు ఎన్నోసారి వినడమో తెలియదు కానీ, అడగడం మాత్రం అప్పుడే తోచినట్టు అడిగాడు.

"ఆ కనపడనివి నాలో నుంచి గూడా పోతాండాయా రత్నా?"

"పోతాంటాయి నాయనా. ఈ మగ్గంలో నుంచి గూడా."

"ఒగటన్నా నాలో నిలబడదా?"

"నువ్వు సూర్యుడంత బరువు లేవు కదా."

ఆయన నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. నాగరత్న మాత్రం నవ్వలేదు. నాకు ఇంకొక సంగతి చెప్పాలని అంది.

"మేడం, పోయిన సంవత్సరం నేను చెప్పింది తప్పు."

ముందటి ఏడాది ఆమె లెక్క ప్రకారం, ఒక రకం తేలికపాటి కణాలు ఉంటే సూర్యుడి నడిమధ్య కొలవగలిగినంతగా చల్లబడుతుంది. ఒక సదస్సులో ఆ మాట చెప్పింది. కంపెనీ తన వార్షిక నివేదికలో ఆమె ఫోటోతో ఒక పేజీ వేసి, సూర్యుడి రహస్యం కనిపెట్టిన అనంతపురం ఆడబిడ్డ అని రాసుకుంది. కణాలు తేలికగా ఉంటే ఇంకో చిక్కు ఉంది. లోపలి వేడి దెబ్బకు అవి మళ్లీ బయటికి ఎగిరిపోగలవు. నీళ్లు ఆవిరైనట్టే కాబట్టి శాస్త్రవేత్తలు దాన్ని ఎవాపరేషన్ అంటారు. ఆమె ప్రోగ్రాంలో దాన్ని లెక్కగట్టే వరుస దగ్గర ఉష్ణోగ్రతను ఒక కొలమానంలో ఇవ్వాల్సింది పోయి ఇంకో కొలమానంలో ఇచ్చింది. దాంతో ఒక్క కణం కూడా తప్పించుకోనట్టు లెక్క వచ్చింది. ఏప్రిల్‌లో సూర్యుడికి బదులు వేరే చిన్న నక్షత్రాన్ని పెట్టి చూస్తే ఫలితం అచ్చం అలాగే వచ్చిందట. అలా రాకూడదు. అనుమానం వచ్చి పదకొండు రోజులు వెతికింది. సరిచేశాక, పట్టుబడినవి దాదాపు అన్నీ ఎగిరిపోయాయి. చల్లదనం కొలవడానికి కూడా మిగలలేదు.

గైడుకు చెప్పేసింది. ఆయన థీసిస్‌లో సరిచేయమన్నాడు. కంపెనీకి ఇంకా చెప్పలేదు. చెబితే చివరి ఏడాదికి రావాల్సిన ఆ విడత ఆగిపోతుందేమోనని భయం. అది ఆగితే థీసిస్ పక్కన పెట్టి ఎంసెట్ కోచింగ్ సెంటరులో పాఠాలు చెప్పడానికి చేరాల్సిందే.

నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో నేను తప్పుకోవాలని చూశాను. ఫలితం నా పరిధి కాదు, ఖర్చు సరిగ్గా ఉందా లేదా అన్నదే నా పని అన్నాను. ఓబులేసు మగ్గం ఆపి నా వైపు తిరిగాడు. వ్యాపారి బిడ్డనని గుర్తుపట్టినట్టున్నాడు, ఆ గౌరవంతోనే అడిగాడు.

"అమ్మా, తప్పు నా కూతురే కనుక్కునింది. దానికి గూడా దుడ్లు నిలిపేస్తారా?"

కనుక్కుని చెబుతానని వచ్చేశాను.

నాలుగు రోజులకు నాగరత్న ఆఫీసుకు వచ్చింది. చేతిలో, కంపెనీకి ఇవ్వాల్సిన ప్రగతి నివేదికకు సందీప్ పంపిన ముసాయిదా ఉంది. ఆమె అతనికి జరిగింది చెప్పేసింది. అతను కోప్పడలేదట, ఉపాయం చెప్పాడు. డార్క్ మ్యాటర్ ఊసు తీసేసి, "సూర్యకాంతిని మరింత సమర్థంగా విద్యుత్తుగా మార్చే దిశగా పరిశోధన, దీనివల్ల కంపెనీ ప్లాంట్లలో ఉత్పత్తి పెరిగే అవకాశం" అని రాసి పంపాడు. ఆమె సంతకం చేస్తే నేను కౌంటర్‌సైన్ చేయాలి.

"ఇట్ల రాస్తే ఎవరికన్నా నష్టమా మేడం? నాకు ఇంకొక సంవత్సరం దొరికితే చాలు."

ఆ అమ్మాయి చాలా అలసిపోయి ఉంది. అబద్ధానికి అలవాటుపడిన మనిషి కాదు, అందుకే నన్ను అడుగుతోంది. నేను ముసాయిదా ఇంకోసారి చదివాను. అప్పుడు నాకు తట్టింది. సీఎస్ఆర్ నిబంధనల్లో, కంపెనీ తన మామూలు వ్యాపారంలో భాగంగా చేసే పనిని సీఎస్ఆర్ కింద చూపకూడదని స్పష్టంగా ఉంది. సోలార్ కంపెనీ తన ప్లాంట్ల ఉత్పత్తి పెంచుకోవడానికి డబ్బిస్తే అది సామాజిక బాధ్యత కాదు, సొంత ఖర్చు. అంటే ఈ కాగితం మీద సంతకాలు పడితే, ఆ ఒక్క విడతే కాదు, రెండేళ్లుగా ఇచ్చినదంతా లెక్కలోంచి ఎగిరిపోతుంది. కాపాడటానికి రాసిన మాటే మొత్తం ముంచుతుంది. కంపెనీకి పైసా ఉపయోగం లేని చదువు అన్న నిజమే ఆ డబ్బును నిలబెడుతుంది.

నాగరత్నకు అది చెబితే కాసేపు నమ్మలేదు. నిబంధన తీసి చదివించాను. రెండుసార్లు చదువుకుంది. తర్వాత నా బల్ల మీదే తెల్లకాగితం తీసుకుని, ముందటి ఫలితం తప్పని, ఎక్కడ తప్పిందో, ఎలా బయటపడిందో, సరైన ఫలితం ఏమిటో ఒకటిన్నర పేజీ రాసింది. నేను నా రిపోర్టులో ఖర్చు సక్రమమని, కంప్యూటర్ అనుమతితో ధర్మవరంలో ఉందని, ఇది మౌలిక పరిశోధన అని, కంపెనీ వ్యాపారానికి సంబంధం లేదని రాసి ఆమె కాగితం జతచేశాను.

కంపెనీ సీఎస్ఆర్ కమిటీ సమావేశానికి నన్ను పిలిచారు. సందీప్ ముఖం పాలిపోయి ఉంది. అతని మీద ఫిర్యాదు చేయడానికి నేను రాలేదని ముందే చెప్పాను. అతనికి పైనుంచి వచ్చే ఫారంలో "లబ్ధిదారుల సంఖ్య" అనే గడి ఉంటుంది, అది ఖాళీగా వదిలితే ఫైలు వెనక్కి వస్తుంది. అతను నింపడానికి చూశాడు, అంతే. కమిటీలో ఒక పెద్దాయన నా కాగితాలు తిరగేసి అడిగాడు.

"రెండేళ్ల తర్వాత ఏమీ లేదని తేలింది. ఇందులో మనం కొన్నదేమిటి మేడం?"

నేను ముందుగా ఏమీ సిద్ధం చేసుకోలేదు. "ఇక అక్కడ వెతకనక్కర్లేదని తెలియడం కొన్నారు సార్. కిందటేడు మీరు అచ్చువేసిన పేజీ తప్పని, ఇంకెవరో చెప్పకముందే తెలియడం కూడా కొన్నారు" అన్నాను.

ఆయన ఒప్పుకున్నట్టు కనిపించలేదు. ఆ రోజు ఏ నిర్ణయమూ చేయలేదు. చివరి విడత మూడు నెలలు ఆలస్యంగా యూనివర్సిటీకి వచ్చింది. ఆ మూడు నెలలూ నాగరత్న తండ్రి మగ్గానికి పట్టుదారం కండెలు చుడుతూ గడిపిందని తర్వాత తెలిసింది. మరుసటి ఏడాది వార్షిక నివేదికలో ఫోటో లేదు. కింద చిన్న అక్షరాల్లో, ముందటి సంవత్సరం పేర్కొన్న ఫలితాన్ని పరిశోధకురాలే సవరించారని ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం వేయించింది సందీప్. సరిచేసిన లెక్కతో ఆమెకు డాక్టరేటు వచ్చింది. ఇప్పుడు కదిరిలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతూ, సెలవుల్లో బరువైన కణాలతో అదే లెక్క చేస్తోంది. బరువైనవి అంత సులభంగా ఎగిరిపోవట. ఏం తేలుతుందో ఆమెకే తెలియదు. ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతాను.

ఈ కేసు తర్వాత నా పని పద్ధతిలో ఒకటి మారింది. అంతకుముందు ఏ సీఎస్ఆర్ పని చూడటానికి పోయినా, ఎంతమందికి మేలు జరిగిందని అడిగి, చెప్పిన సంఖ్య రాసుకుని వచ్చేదాన్ని. సంఖ్యలు ఎప్పుడూ బాగుండేవి. ఇప్పుడు, ఇందులో ఏది పనిచేయలేదని కూడా అడుగుతాను. ఖర్చు నిజమైనంత మాత్రాన ఫలితం గురించి రాసింది నిజమైపోదని, అది కూడా నేను అడగాల్సిందేనని నాకు అర్థమవడానికి ఇరవై రెండేళ్లు పట్టింది. ఆ ప్రశ్న వేస్తే అధికారులు ఇబ్బందిపడతారు. ఊళ్లో వాళ్లు పడరు.

మొన్న మార్చిలో నల్లమాడ దగ్గర ఒక ఊళ్లో చెక్‌డ్యాం చూడటానికి పోయాను. కాగితాల్లో అది నలభై బోర్లకు ఊట ఇచ్చింది. కట్ట మీద నిలబడి ఉన్న ఒక వేరుశెనగ రైతమ్మను అదే ప్రశ్న అడిగాను. ఆమె నన్ను కాసేపు ఎగాదిగా చూసింది.

"ఇన్నాళ్లకు అడిగినారు. రా అమ్మా, చూపిస్తా. శానా దూరముండాది, నడుస్తావా?"

నడుస్తానన్నాను. ఫైలు కారులో పెట్టి, పెన్ను ఒక్కటి తీసుకుని ఆమె వెనక నడిచాను.