రెక్కకి అవతలి వైపు

మా విమానం చూసి దమయంతి గురించి ఎవరడిగినా నేను ఒకే మాట చెప్పేవాణ్ణి: "తను కూడా హెల్ప్ చేసింది." ఆ మాట గుర్తొస్తే ఇప్పుడు నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

దమయంతి నా భార్య. కాకినాడలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివింది, క్లాసులో ఫస్ట్. పెళ్లయ్యాక నా వెంట అమెరికా వచ్చింది, నా వీసా మీద డిపెండెంట్‌గా. ఏళ్ల తరబడి ఉద్యోగం చేయడానికి వీల్లేదు. ఇక్కడ మేముండే క్యారీ ఊళ్లో తెలిసినవాళ్లందరి జాకెట్లూ ఊరికే కుట్టి పెట్టేది. ఇంట్లో ఏ ఫారం వచ్చినా నింపేది తనే. పై గడిలో నా పేరు, చక్రపాణి. కింది గడిలో తన పేరు.

గ్రీన్ కార్డ్ వచ్చిన ఏడాది నాకు విమానం పిచ్చి పట్టింది. శని, ఆదివారాలు ఫ్లయింగ్ నేర్చుకున్నాను. అది చాలక, పాతకాలపు రెండు సీట్ల విమానం, చెక్క రెక్కల మీద బట్ట తొడిగేది, సొంతంగా కడదామని ప్లాన్లు కొని గరాజ్‌లో పరిచాను. నాలుగు నెలలకే నా ఊపు చప్పబడింది. దమయంతిది చప్పబడలేదు. రెక్కల లోపలి చెక్క పక్కటెముకలు ఒక్కొక్కటే కోసి, నునుపు చేసి, జిగురుతో అతికించింది. నేను ఆఫీస్ నుంచి వచ్చి, ఓ పావుగంట చూసి, సలహా ఇచ్చి లోపలికి వెళ్లేవాణ్ణి. ఆరేళ్లు మా కార్లు రెండూ ఎండకీ వానకీ బయటే ఉన్నాయి.

బట్టని పక్కటెముకలకి కుట్టడం మాత్రం ఇద్దరూ ఉంటేనే అయ్యే పని. రెక్కని నిలబెట్టి ఇటు తను, అటు నేను. తను అడుగు పొడవు సూది ఇటునుంచి గుచ్చితే, నేను అటునుంచి వెనక్కి గుచ్చాలి. తను ముడి వేసి బిగించాలి. రెండున్నర అంగుళాలకో ముడి. ముడి జారిందంటే గాల్లో బట్ట లేచిపోతుంది, ఆ పైన మన సంగతి చెప్పక్కర్లేదు. వేసవి అంతా ఒకరి మొహం ఒకరికి కనబడకుండా మాట్లాడుకున్నాం.

"కొంచెం పైకండీ."

"ఇక్కడా?"

"ఆ, చాలు."

ఫోటో తీసేటప్పుడు మాత్రం నేను ఇవతలికి వచ్చి సూది పట్టుకునేవాణ్ణి. తీసేది తనే. కట్టింది మనమేనని రుజువు కోసం రాసే పని డైరీ నిండా ఆ ఫోటోలే.

విమానం కట్టినవాళ్లకి ఇక్కడ ఒక సర్టిఫికెట్ ఇస్తారు. అది ఉంటే ఏటేటా ఆ విమానాన్ని మనమే తనిఖీ చేసి సంతకం పెట్టొచ్చు. విమానానికి ఒక్కరికే ఇస్తారు. దమయంతి అప్లికేషన్ ముందు పెట్టుకుని, "ఏవండీ, ఇందులో ఎవరి పేరు రాయను?" అంది.

"నాదే. ఇంకెవరిది?" అన్నాను, లాప్‌టాప్ లోంచి తలెత్తకుండా.

తను పెన్ను పట్టుకుని కాసేపు అలాగే కూర్చుంది. నేను ఓరకంట చూశాను. చూసి కూడా స్క్రీన్ వైపు తిరిగాను. గమనించలేదని అబద్ధం చెప్పను.

ఆ సర్టిఫికెట్ ఇంటర్వ్యూ రోజు ఇన్‌స్పెక్టర్ మా విమానం ఉంచిన హ్యాంగర్‌కి వచ్చాడు. తెల్ల మీసాల పెద్దమనిషి. రెక్క మీద వరసగా ఉబ్బిన ముడులని వేళ్లతో తడిమి, ఇంత తీరైన కుట్టు చూసి చాలా ఏళ్లయిందన్నాడు. నేను ఉబ్బిపోయి థాంక్యూ చెప్పాను. ఆయన జేబులోంచి దారం తీసి, ఆ ముడి ఒకసారి వేసి చూపించమన్నాడు.

వేలకొద్దీ ముడులు నా ఎదుటే పడ్డాయి, నేను ఒక్కటీ చూడలేదు. నాకు తెలిసిన ముళ్లు మూడే, అవీ పంతులుగారు చెబుతుంటే వేసినవి. దారం ఎలాగో తిప్పి లాగాను. ఊడిపోయింది. మళ్లీ తిప్పాను. మళ్లీ ఊడింది. ఆయన నా చేతుల వైపు చూశాడు, డైరీలో ఫోటోల వైపు చూశాడు.

వెనక టీ ఫ్లాస్క్‌తో నిలబడ్డ దమయంతి వైపు తిరిగాను. తను నేల చూస్తోంది. కానీ చేతులు ఊరుకోలేదు. ఫ్లాస్క్ తాడుతో ఆ ముడి వేస్తోంది, నెమ్మదిగా, నాకు కనబడేలా. విప్పి మళ్లీ వేసింది. నేను చూసి వేయాలని. నా పరువు పోకూడదని.

అంత సిగ్గు నా జన్మలో ఎప్పుడూ పడలేదు.

"సర్, ఆ ముడులు నావి కావు," అన్నాను. "ఫోటోల్లో ఉన్నది నేను. విమానం కట్టింది ఆవిడ."

ఆయన నన్ను తిట్టినా బావుండేది. దమయంతి చేతికి దారం ఇచ్చాడు. తను క్షణంలో ముడి వేసేసింది. ముప్పావుగంట సేపు చెక్క గురించి, జిగురు గురించి, కేబుళ్ల గురించి అడుగుతూనే ఉన్నాడు. తను ఒక్క దానికీ తడుముకోలేదు. చివరికి ఆయన ఖాళీ అప్లికేషన్ తీసి దమయంతి ముందు పెట్టాడు.

తను పెన్ను తీసి గబగబా రాయడం మొదలుపెట్టింది. నేను వంగి చూశాను. పై గడిలో నా పేరు సగం దాకా వచ్చేసింది.

"దమయంతీ, అక్కడ నీ పేరు."

"అయ్యో! చేతికి అలవాటైపోయిందండీ," అంది. నవ్వబోయింది, నవ్వు రాలేదు.

కొట్టేసి పక్కన రాస్తే సరిపోతుందన్నాడు ఆయన. తను నా పేరు మీద ఒక గీత గీసి, ఒక్కో అక్షరమే తన పేరు రాసుకుంది. నేను ఫ్లాస్క్ అందుకుని వెనక్కి వెళ్లి నిలబడ్డాను.