భాగ్యక్క మడత పెట్టిన రెయిన్‌కోటు

ఈ ఉదయం వాన మొదలైంది. లక్ష్మీ నగర్‌లోని నా గదిలో, అటక మీది ప్లాస్టిక్ సంచి దింపి రెయిన్‌కోటు తీశాను. అంటుకుపోకుండా మడతల మధ్య చల్లిన టాల్కం పౌడరు వాసన గుప్పుమంది. విప్పలేక అలాగే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆ మడతలు భాగ్యక్క పెట్టినవి. విప్పితే పోతాయి.

భాగ్యక్కది నల్గొండ. యమున వంతెన అవతల కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేది. ఉద్యోగానికని తెనాలి నుంచి వచ్చిన నాకు తన గదిలో చోటిచ్చింది, తనలాగే ఆఫీసుకు సైకిలు మీద వెళ్ళడం అలవాటు చేసింది. సాయంత్రం టీ తాగేముందే మర్నాటి ప్రయాణానికి సిద్ధం కావాలి, అదీ ఆవిడ పద్ధతి. బాల్కనీలో నిలబడి కాసేపు ఆకాశం చూసేది. సీటుకు కవరు తొడిగేది, పొడిబట్టలు సంచిలో సర్దేది. ఎండ మండిపోతున్నా అంతే. నాకదంతా చాదస్తంగా ఉండేది, ఆ మాట అనేశాను కూడా.

"వానొచ్చినంక కోటు దేవులాడితే అప్పటికే నానిపోతవు పిల్లా," అంది.

నా మొదటి చలికాలం, పొగమంచులో మఫ్లరు కళ్ళదాకా చుట్టుకుని బయల్దేరాను. నా ఊపిరికే కళ్ళద్దాలు మసకబారి, ఆగి ఉన్న రిక్షాను గుద్దేశాను. "దీదీ, దేఖ్ కే!" చూసుకుని నడపమని అరిచాడు రిక్షావాలా. వెనకే వస్తున్న అక్క నన్ను లేపడం మాని పడీపడీ నవ్వింది.

"తెనాలోళ్ళకు చలి అనంగనే మూట గట్టుకునుడే ఎరుక! ముక్కు ఇడిసిపెట్టు. మంచుల మనం చూసుడు గాదు, మనం కనపడుడు ముఖ్యం." తన ఎర్ర చున్నీ నా వీపుకు బిగించి కట్టింది. రోడ్డు ఖాళీగా ఉన్నా బెల్లు కొడుతూ ముందు సాగింది.

కిందటి దీపావళి తర్వాత కమ్మిన పొగకు మాత్రం ఆవిడ దగ్గర ఏ సరంజామా లేకపోయింది. మాస్కు తొడిగినా దగ్గు ఆగలేదు. సైకిలు మానెయ్యమనీ, వీలైతే ఊరే మారమనీ డాక్టరు చెప్పాడు.

"నల్గొండ వెళ్ళిపో అక్కా. పిల్లలకి ఇంకెవరైనా చెప్తారు," అని పోట్లాడాను.

"పరీక్షలు కానీ, పోత." చేతిలోని మాస్కును తిప్పి చూసింది. "వానకు కోటున్నది, మంచుకు బెల్లున్నది. ఈ గాలికేం కట్టుకోవాల్నే?" అంత బెదిరిన గొంతు ఆవిడ దగ్గర నేనెప్పుడూ వినలేదు.

పరీక్షలు కాకముందే ఆస్పత్రిలో చేరింది. ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి, "కోటు పౌడరేసి అటక మీద పెట్టిన. వానకాలం నువ్వేసుకో," అంది.

"నువ్వే వేసుకుందువు గానీ," అన్నాను కోపంగా. మర్నాడు పొద్దున్నే పోయింది.

ఇవాళ మెట్రోలో వెళ్ళిపోవచ్చు, కోటు మళ్ళీ సంచిలో పెట్టెయ్యొచ్చు. కానీ వానలో పనికిరాకుండా దాచిన కోటును చూస్తే అక్క చీవాట్లు పెట్టేది. ఒక్కో మడతా విప్పాను. పౌడరు లేచి దగ్గొచ్చింది, వెంటే ఏడుపూ వచ్చింది. అలాగే తొడుక్కుని, ఖాళీ రోడ్డు మీద కూడా బెల్లు కొడుతూ వెళ్ళాను.

సాయంత్రం కోటు ఆరాక పౌడరు చల్లి మడత పెట్టాను. ఎంత సర్దినా అక్క మడతలు రాలేదు. వంకరగానే వదిలేసి, టీ పెట్టుకునే ముందు బాల్కనీలోకి వెళ్ళి ఆకాశం చూశాను.

రేపూ వానే.