ట్యాంకు మామ పట్టించిన బుడగ

ట్యాంకు మామ పోయాడు. మంగళవారం అమీర్‌పేట మెట్రో మెట్లు దిగుతుంటే మా వాచ్‌మన్ ఫోన్ చేసి చెప్పాడు. ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకుల పగుళ్లు అతికే మనిషి. మా వీధిలో ఆయన చెయ్యి పడని డాబా లేదు. సాఫ్ట్‌వేర్ కోర్సులు చెప్పుకునే నాకూ ఆయనకూ సంబంధమేమిటంటారా? నా కూతురు క్షేమంగా ఉందంటే అది ఆయన చలవే.

నాకు చేపలు పట్టే పిచ్చి. రెండేళ్ల క్రితం కయాక్ కొని డాబా మీద పెట్టాను, ఇద్దరు పట్టే, తెడ్డేసి నడిపే బోలు ప్లాస్టిక్ పడవ. గాలం కర్ర నిలబెట్టే స్టాండు కోసం, కర్టెన్ రాడ్డు బిగించినట్టే డ్రిల్లుతో కన్నాలు పెట్టి, గోడకు వాడే ప్లగ్గులు దూర్చి, స్క్రూలు తిప్పేశాను. మహా మురిసిపోయాను కూడా. ఆ ఆదివారం చెరువు మధ్యలో పడవ బరువెక్కింది. దాని కడుపులోకి నీళ్లు చేరుతున్నాయి. పడుతూ లేస్తూ గట్టు చేరాను. అక్కడ నా ఎనిమిదేళ్ల కూతురు లైఫ్‌జాకెట్ తొడుక్కుని తన వంతు కోసం నిలబడి ఉంది. ఆరోజు దాన్నే ముందు ఎక్కించి ఉంటే?

బుద్ధి వచ్చిందా? రాలేదు. కన్నాల చుట్టూ సిలికాన్ పూసి సరిపోయిందనుకున్నాను. మా ట్యాంకు బాగుచేయడానికి వచ్చిన మామ ఆ పూతను గోటితో గీరితే మొత్తం ఊడివచ్చింది. ఈ ప్లాస్టిక్‌కి ఏ జిగురూ అంటదన్నాడు. మీ ట్యాంకు సంగతి మీరు చూసుకోండి అన్నాను, ఒళ్లు మండి. ఆయనకు కోపం రాలేదు.

"గోడకు కన్నం పడితే సున్నం రాలుతది సారూ. దీనికి పడితే పానం పోతది. గిందుల బిడ్డను కూసోపెడతవా?"

పడవను ఆయన ముందుకు జరిపాను.

ఆయనదొక పద్ధతి. లీకు ఎక్కడుందో సొంతదారు తన కళ్లతో పట్టుకునేదాకా పని ముట్టడు. గాలిపరుపు పంపు గొట్టాన్ని, పడవలో చేరిన నీళ్లు వదలడానికి ఉండే బిరడా రంధ్రంలో పెట్టించి, మెల్లగా తొక్కమని అమ్మాయికి చెప్పాడు. నాచేత పైనంతా గిన్నెలు తోమే సబ్బునీళ్లు పూయించాడు. స్క్రూల దగ్గర బుడగలు లేచాయి. ఒక కన్నం నుంచి పాకిన వెంట్రుకంత పగులు కూడా బయటపడింది. పగులు ముందుకు పాకకుండా దాని కొసన చిన్న రంధ్రం చేసి, అదే రకం ప్లాస్టిక్ ముక్కను కరిగించి అతికాడు. స్టాండుకు పొడవాటి బోల్టులు, వెడల్పు వాషర్లు, కింద రబ్బరు. పడవను నేలమీద ఈడ్చొద్దన్నాడు, ఎండలో వదలొద్దన్నాడు. అప్పటినుంచీ అమ్మాయి ఎక్కే ప్రతిసారీ ముందురోజు డాబాకు వచ్చి బుడగలు చూసేవాడు. ఆయనకు నేను ఒక్కసారైనా సరిగ్గా కృతజ్ఞత చెప్పలేదు. సిగ్గుగా ఉంది.

ఈ ఆదివారం కూడా వెళ్లాలనుకున్నాం. మామ లేడు, వద్దన్నాను. "మనం చూద్దాం నాన్నా, మనకొచ్చుగా" అంది అమ్మాయి. శనివారం తను పంపు తొక్కింది, నేను సబ్బునీళ్లు పూశాను. బిరడా రంధ్రం చుట్టూ ఉన్న చట్రం పక్కన ఒకే ఒక్క బుడగ. చట్రం కింది రబ్బరు వాషరు ఎండి బిరుసెక్కింది. కొత్తది వేసి మళ్లీ మొదటినుంచీ పూశాం. బుడగ లేదు. అప్పుడు ఇద్దరం డాబా మీదే కూర్చుని ఏడ్చాం.

మర్నాడు చెరువు మధ్యకు చేరాక అమ్మాయి తన ముందున్న గుండ్రటి మూత తిప్పి తెరిచి, భుజందాకా చెయ్యి దూర్చి పడవ కడుపులో అడుగంతా తడిమింది. ఆ చెయ్యి తీసి నాకు చూపించింది. అరచేతి నిండా పొడి దుమ్ము.