అమెరికా డాక్టరమ్మను నేను వారం రోజులు బతికించిన ముచ్చట

ఆ రోజుల్లో ఫోన్ల ఇంటర్నెట్ కొత్తగ చేతికొచ్చింది. మనకు సంబంధం లేనోళ్ల బతుకులు తెలుసుకునుడంటే నాకు మస్తు ఇష్టమయింది. పక్కింట్ల ఏం కూర వండుకున్రో అడగనిదాన్ని, సముద్రాల అవతలున్న ఆడామె చిన్నప్పుడు ఏ బడికి పోయిందో తెలుసుకోవాల్నని మా బస్తీ జహనుమా నుంచి బస్సెక్కింది మొదలు దిగేదాక చదువుతుంటి. (రెండుసార్లు దిగాల్సిన స్టాపు దాటిపోయిన.) ఇదంతా నౌకరీ కోసమేనని బాపుకు చెప్పిన. అది సగం నిజమే.

నౌకరీ ఏందంటే, పత్తర్‌గట్టి బజార్ల ఒక అత్తరు దుకాణం మీద ఉన్న చిన్న డబ్బింగ్ స్టూడియోల పని. స్టూడియో అంటే రెండు గదులు, గోడలకు కట్టిన పాత బొంతలు. కింద బజార్ల లొల్లి ఎక్కువైతే మైకు బంద్ చేసి ఊకుంటుంటిమి. మా ఓనరును అందరు భాయ్‌సాబ్ అనేటోళ్లు. ఒక అమెరికా దవాఖాన సీరియల్‌ను తెలుగుల చేస్తుంటిమి. మాటలు రాసేది నేనే, పెద్ద డాక్టరమ్మకు గొంతిచ్చేది నేనే. మొగ డాక్టర్లందరికి భాయ్‌సాబే మాట్లాడేటోడు. గందుకనే ఆ దవాఖానల మొగోళ్లందరికి ఒక్కటే జలుబు ఉన్నట్టుండేది.

డాక్టరమ్మ ఏషం కట్టినామెకు అప్పటికి యాభై దగ్గరపడ్డది. చిన్న ఊర్ల పుట్టింది, వాళ్ల నాయిన టైర్లకు పంచర్లు ఏసేటోడు. సినిమా టాకీసుల టికెట్లు చింపే పని చేసుకుంట నటన నేర్చుకుంది. మొదటి ఏషం ఒక పోలీసు సీరియల్‌ల శవం. ఊపిరి బిగబట్టి పండుకుంటే తుమ్మొచ్చిందట, మళ్ల తీయాల్సొచ్చిందట. ఆ తర్వాత పండ్లు తోముకునే పొడి అడ్వటైజ్‌మెంట్లు, ఆ తర్వాత ఒక పెద్ద సినిమా. దాన్ల ఆమె సీన్లన్ని కోసేస్తే, మిగిలింది తలుపు మూసే చెయ్యి ఒక్కటే. ఆ చేతిని చూసేందుకు వాళ్ల నాయిన ఊరందరిని టాకీసుకు తీసుకపోయిండంట. అది చదివిననాడు నాకు పని చెయ్యబుద్ధి కాలే. నలభై దాటినంక గీ డాక్టరమ్మ ఏషం దొరికింది, అప్పుడు గాని జనం ఆమె పేరు గుర్తుపట్టలే.

మా సీరియల్‌ను అందరికంటె మనసుపెట్టి చూసేది పక్కింటి ఖాలా, నాకు పిన్నమ్మ లెక్క. ఆమెకు మోకాలు ఆపరేషన్ చెయ్యాల్నన్నరు. భయంతోని రెండుసార్లు తారీఖు మార్పిచ్చుకుంది. డాక్టరమ్మ ఎట్ల కోస్తదో, పేషెంట్లు ఎట్ల లేచి నడుస్తరో రోజూ చూసి చూసి ఆఖరికి ధైర్యం చేసింది. వచ్చే సోమవారం ఆపరేషన్.

సరిగ్గ అదే వారం నా బల్ల మీదికి కొత్త ఎపిసోడ్ వచ్చింది. దాన్ల డాక్టరమ్మ చచ్చిపోతది. అది గూడ ఆపరేషన్ బల్ల మీదనే.

నాకు ఖాలా మళ్ల తారీఖు మార్పిస్తదన్న ఫికర్ ఒకటి, నా గొంతుకు ఇంక పనుండదన్న ఫికర్ ఇంకొకటి. ఏది పెద్దదని అప్పుడు అడిగితే ఖాలాదే అనేదాన్ని. ఇప్పుడు అడుగకున్రి.

రాసేది నేనే గద, కొంచెం మార్చి రాసిన. "ఇక లేదు" అన్నకాడ "పెద్ద దవాఖానకు తీసుకపోతున్నరు" అన్న. శ్మశానం సీన్ వచ్చింది, అందరు నల్లబట్టలేసుకున్నరు. ఏందని భాయ్‌సాబ్ అడిగిండు. డాక్టరమ్మ వాళ్ల పెద్దమ్మ పోయిందని చెప్పిన. ఆయన పాపం నమ్మి, ముగ్గురు డాక్టర్ల గొంతులతోని ఆ లేని పెద్దమ్మ కోసం మనసారా ఏడ్చిండు.

ఎపిసోడ్ టీవీల వచ్చిన తెల్లారి ఖాలా నన్ను పిలిచింది. ఆమె నవ్వుతలేదు, కోపం గూడ లేదు.

"పెద్దమ్మ పోతే డాక్టరమ్మ ఫోటోకు పూలెందుకు పెట్టిన్రు బేటా?"

ఫోటో సంగతి నేను చూసుకోనేలే. తల కిందికేసుకుని అంతా చెప్పిన. ఖాలా "పోయినామెను పోనియ్యి. నన్ను కోసేటాయన వేరే, ఆయన మంచిగనే ఉన్నడు," అన్నది. అన్నట్టే సోమవారం పోయి ఆపరేషన్ చేయించుకుంది.

నాకే అంత తేలిగ్గ తేలలే. చానెలోళ్లు గూడ ఆ ఫోటో చూసిన్రు. మళ్ల చెయ్యాలె, ఉన్నది ఉన్నట్టు చెయ్యాలె అన్నరు. భాయ్‌సాబ్ నన్ను తిట్టలే, తన ఏడుపంతా వేస్టు పోయిందని మాత్రం బాధపడ్డడు. వారం పాటు బతికించిన మనిషిని నా నోటితోనే చంపాల్సొచ్చింది. ఆఖరి మాట పలుకుతుంటే నిజంగనే ఏడుపొచ్చింది. ఆ టేకే మస్తుగున్నదని ఉంచేసిన్రు.

తర్వాత కొన్నాళ్లకు ఆమె ఇంటర్వ్యూ ఒకటి కండ్లవడ్డది. ఆ ఏషాన్ని చంపుమని ఆమెనే అడిగిందట. ఇన్నేండ్ల పరుగు చాలనిపించిందట. చివరి షూటింగ్ అయినంక మూడు రోజులు నిద్రపోయి, తన చిన్న ఊరికి పోయి పిల్లలకు నాటకాలు నేర్పుతున్నదట. కింద తారీఖు చూసిన. మా దగ్గర సీరియల్ రెండేండ్లు ఆలస్యంగ వచ్చేది. నేను ఆమెను బతికించనీకె తన్లాడిననాటికి, ఆమె ఎప్పుడో హాయిగ ఇల్లు చేరింది.

ఇప్పుడు నేను గూడ ఆ వయసు దిక్కే నడుస్తున్న. పని ఇడిచిపెట్టుడు అంటే చచ్చిపోవుడు కాదని ఇప్పుడు తెలుసు. బొంతల గదిల నిలబడి, సంతోషంగ ఉన్న మనిషి కోసం అంతగనం ఏడ్చిన ఆ పిల్ల ఇప్పుడు ఎదురైతే నవ్వాల్ననే ఉంటది. కాని ముందుగాల కూసోబెట్టి ఒక చాయ్ తాగిపిస్త. ఏడ్చి ఏడ్చి గొంతు ఎండిపోయి ఉంటది.